వ్యాయామచికిత్సయు అభయదానమును
(నౌపడలో జరిగిన మన సంఘ వార్షికమహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఈ వేదికమీద ప్రతివత్సరమును మాకు నియమింపబడు కార్యము కావ్యప్రసంగము. ఒక యేడు రఘువంశమును గూర్చియు, ఒక యేడు భారతమును గూర్చియు మాటలాడి, మీ యోర్పును పరీక్షించి, మీ చప్పట్లను గైకొని యింటికి బోవుచుంటిమి. నిరుడు మాత్రము రాలేకపోతిమి. మా మంచమునుండి ఈ సభామంటపమునకు అరక్రోశెడు దూరమైనను లేదు. అయినను రాలేదు. నడుమునొప్పి కారణమని కార్యదర్శిగారికి వ్రాసి పంపితిమి. ఆ వ్రాతలో సగమే సత్యము. నొప్పి యుండుట నిజమే. కాని మమ్ము మంచమునకు గట్టివేసినది నొప్పి కాదు, భయము. ఈ సంగతి యప్పుడు మాకును దెలియదు. దానిని మాకు దెలిపినది ఫిజియోథెరపీ విద్య నేర్చిన యొక యువతి. కావున ఈ యేడు కావ్యమును విడిచి, ఆ విద్యను గూర్చియు, అందులో మనస్సునకు గల స్థానమును గూర్చియు నాలుగు మాటలు విన్నవింప దలచితిమి.

ఈ సభకు పర్లాకిమిడినుండియు గుణుపురమునుండియు రైలుబండిలో వచ్చిన బంధువులు పలువురున్నారు. నౌపడనుండి పర్లాకిమిడికి చిన్నబండి నడచినది 1900 సంవత్సరమున. గుణుపురమువరకు అది సాగినది 1931లో. పెద్ద పట్టాలమీద బండి గుణుపురము చేరినది 2011లో. మా బాల్యమున ఆ చిన్నబండి యెక్కుటకు పరుగెత్తిన కాళ్లే యివి. అరువదియేడవ యేట అవి మంచముదిగుటకు వెరచినవి. ఆ కథ మొదట వినుడు.

నిరుటి కార్తికమాసమున ఒకనాటి వేకువను ఇత్తడిగంగాళము నెత్తబోగా నడుమున కలుక్కుమన్నది. అట్టిది పూర్వమును రెండుమూడు పర్యాయములు గలిగి, నాలుగుదినములలో తగ్గియున్నది. ఈసారి పట్టణమునకు గొనిపోయి ఛాయాపటము తీయించిరి. ఒక నిపుణులు ఆ పటమును వెలుతురున కెత్తిచూచి, ‘డిస్కులు అరిగిపోయినవి. ఇకమీద వంగరాదు, బరువెత్తరాదు, నేలమీద గూర్చుండరాదు’ అని శాసించిరి. వారు మా మేలు గోరియే చెప్పిరి. కాని ఆ మూడు నిషేధములును మా చెవిలో మూడు శాపములైనవి. ఇక వంగినచో వెన్నెముక పుటుక్కున విరుగుననియు, కాళ్లు పడిపోవుననియు, శేషజీవితము పరులచేతులమీద గడువవలసివచ్చుననియు మాకు మేమే వ్యాఖ్యానము వ్రాసికొంటిమి. నలువదియేండ్లు బాలురకు ‘మూలమున లేనిది వ్యాఖ్యానమున చేర్పగూడదు’ అని బోధించిన మేమే ఈ పని చేసితిమి.

తరువాత ఇల్లంతయు మా నడుముచుట్టు తిరిగినది. పీట పోయి కుర్చీ వచ్చెను. చాప పోయి బల్ల వచ్చెను. నడుమునకు పట్టీ వచ్చెను. తువ్వాలు జారిపడినను మా గృహిణి పరుగున వచ్చి తీసియిచ్చెడిది. ‘వంగకండి, వంగకండి’ అను మాట మా యింట అష్టోత్తరమైనది. రెండున్నరయేండ్ల మనుమడు చేతులు చాచివచ్చిన గోడవైపునకు తిరిగి పడుకొనుచుంటిమి. కాలు కదపని కొలది కండ సన్నగిల్లెను. కండ సన్నగిల్లిన కొలది నొప్పి హెచ్చెను. నొప్పి హెచ్చిన కొలది భయము బలిసెను. తొమ్మిదిమాసము లీ చక్రము తిరిగినది.

ఇక నొప్పిబిళ్లల మాట. వైద్యు లైదుదినములకు వ్రాసిన చీటిని మేము ఐదుమాసములు వాడితిమి. మందులదుకాణమువా డడుగడు, మేము చెప్పము. మన పొరుగుననే యున్న ఉద్దానమున కిడ్నీవ్యాధి యెన్ని కుటుంబముల నార్పినదో మీ రెరుగుదురు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలములయందు ఆ వ్యాధి లేని యూరు అరుదు. దాని మూలకారణ మింతవరకు నిశ్చయముగ దేలలేదు. ఆ రోగులకొరకే 2023 డిసెంబరులో పలాసయందు పరిశోధనకేంద్రమును, 200 పడకల ఆసుపత్రియు ప్రారంభింపబడినవి. ఉద్దానపు వ్యాధికి నొప్పిబిళ్లలే కారణమని మే మనుట లేదు. కాని డైక్లోఫినాకు మొదలైన బిళ్లలు దీర్ఘకాలము వాడినచో మూత్రపిండములకు హాని చేయునని వైద్యశాస్త్రము నిస్సందేహముగ జెప్పుచున్నది. అట్టి సీమకు ఇరుగున నున్న మనము, నడుము నొచ్చినపుడెల్ల బిళ్ల మ్రింగుట నిప్పుకు గాలి తోడగుటయే. శ్రావణమాసమున మా రక్తపరీక్షలో క్రియాటినిన్ ఉండవలసినదానికంటె హెచ్చుగా కనబడినది. చూచిన వైద్యులు బిళ్లలను తక్షణమే మాన్పించి, ‘మీకు గావలసినది మందు కాదు, కదలిక’ అని ఫిజియోథెరపిస్టు నొద్దకు పంపిరి.

మేము మనసులో తృణీకారముతోనే పోయితిమి. కాళ్లుచేతులు పిసికి, వేడిపెట్టె పెట్టి, పంపివేయుదురని మా యూహ. ఆ యమ్మాయి వయస్సు ముప్పదియైన నుండదు. మొదటిదినమున ముప్పావుగంట కూర్చుండబెట్టి, మా నడుమును ముట్టనైన ముట్టక ప్రశ్నలడిగినది. ఎక్కడ నొచ్చునని యందరును అడిగియుండిరి. ఈమె, ‘మాస్టారూ, నొప్పి సంగతి తరవాత చెబుదురు గాని, వంగితే ఏమవుతుందని మీ భయం?’ అని యడిగినది. మా జీవితమున మే మడిగిన ప్రశ్నలు లక్షలుండును. మమ్ము నింత సూటిగ నడిగినవారు లేరు. కొంతసేపు మాట రాలేదు. పిమ్మట ఆ మూడు శాపములను, మా వ్యాఖ్యానమును ఏకరువుపెట్టితిమి. నవ్వక విని, ‘నొప్పి లేకపోతే మొట్టమొదట ఏం చేస్తారు?’ అని మరల నడిగినది. నేల గూర్చుండి మనుమనిచేత ఓనమాలు దిద్దింపవలెనని చెప్పితిమి. ‘అయితే మన వైద్యం అక్కడికే పోవాలి’ అని పుస్తకమున వ్రాసికొనినది.

అటుపిమ్మట నొప్పి యననేమో వివరించినది. వయస్సుతో డిస్కు లరుగుట తల నెరయుటవంటిదనియు, నొప్పి యెరుగనివారిలోగూడ నవి కనబడుననియు చెప్పినది. ఇది బుజ్జగింపు మాట కాదు. నడుమునొప్పి లేని 3,110 మంది వెన్నెముకల పటములనుగూర్చిన పరిశోధనల నన్నిటిని గూర్చి 2015లో ప్రకటించిన సమీక్షయందు, ఇరువదియేండ్లవారిలో నూటికి 37 మందికిని, ఎనుబదియేండ్లవారిలో నూటికి 96 మందికిని డిస్కులయందు క్షీణలక్షణములు కలవని తేలినది. ఆ లెక్కకు మా వయసువారిలో ముడుతలు లేని ముఖమును వెదకుటయు, అరుగని డిస్కును వెదకుటయు నొక్కటియే.

పిదప సుద్దముక్క నొకదానిని బల్లమీద నుంచి, ‘దీన్ని తీయబోయే ముందు మీ భయం పదిలో ఎంత? ఎంత నొప్పి వస్తుందనుకుంటున్నారు?’ అని యడిగినది. ఎనిమిది యంటిమి. తీసినతరువాత వచ్చిన నొప్పి నాలుగు. రెంటిని వ్రాయించినది. మరునాటికి సుద్దముక్క ముక్కాలిపీటమీదికి దిగినది. వారమునకు ఇటుకమీదికి దిగినది. మూడువారములకు నేలమీదికి దిగినది. ప్రతిపర్యాయమును అనుకొన్న యంకె యొకటి, వచ్చిన యంకె యొకటి. ఆ రెండు వరుసలను ప్రక్కప్రక్కన జూచుకొన్నపుడు మా భయము మమ్ము నెంతకాలము మోసపుచ్చినదో మాకే లెక్క దేలినది. మా గృహిణిని బిలిచి, ‘అమ్మా, వంగకండి అనే మాట మీరు మానాలి. తువ్వాలు పడితే వారినే తీసుకోనివ్వండి’ అని చెప్పినది. ఆ యుపదేశము పాటించుట మాకంటె ఆమెకే కష్టమైనది.

నడక కొక నియమము పెట్టినది. నొప్పి వచ్చువరకు నడచి ఆగుట కాదు. నొప్పి యున్నను లేకున్నను నిర్ణయించిన యడుగులే నడువవలెను, వారమువారమున కొంచెము హెచ్చింపవలెను. మన ఉప్పుమళ్లను జూచిన మీకు ఈ సంగతి తేలికగ దెలియును. సముద్రపునీటిని దెచ్చి ఒక్కమారుగ ఉప్పుమడిలో బోసినవాడు లేడు. మొదటిమడిలో కొంత చిక్కబడి, రెండవమడిలో మరికొంత చిక్కబడి, కట్టకడపటి మడిలో గల్లు తేలును. తొందరపడిన ఉప్పు రాదు; నీటిని కదపక మొదటిమడిలోనే నిలిపినను రాదు. వినాయకచవితినాడు పత్రికై తోటలవెంట మితిమీరి తిరుగగా నొప్పి మరల మేల్కొన్నది. మంచమెక్కబోవుచుండగా ఆమె టెలిఫోనులో, ‘ఈ రెండు రోజులూ సగం నడవండి. మానడం మాత్రం వద్దు’ అన్నది. సగము, శూన్యము కాదు. ఆ యొక్కసూత్రము మాకు పదివేల వరహాలు.

సభాసదులారా! ఇది యొక్క యమ్మాయి తెలివియే యని తలంపకుడు. దీని వెనుక అరువదియేండ్ల శాస్త్రచర్చ కలదు. 1965లో మెల్జాకు, వాల్ అను పండితులిరువురు, గాయమునుండి మెదడునకు బోవు నొప్పివార్తకు వెన్నుపామునందొక ద్వారము కలదనియు, మెదడు తన స్థితిని బట్టి ఆ ద్వారమును కొంత తెరువగలదు, కొంత మూయగలదనియు ప్రతిపాదించిరి. నాటి ద్వారచిత్రము పిమ్మట పెక్కు సవరణలు పొందినను, నొప్పి గాయముయొక్క కొలతబద్ద కాదను మాట నిలిచిపోయినది. 1976లో ఫోర్డైస్ అను మనశ్శాస్త్రజ్ఞుడు, చుట్టునున్నవారి సేవలును, విశ్రాంతియు నొప్పిబ్రతుకును ఎట్లు పెంచునో తన గ్రంథమున చూపెను. 1977లో ఎంగెల్ అను వైద్యుడు, రోగమును దేహము, మనస్సు, సంఘము అను మూడింటిని గూర్చి చూడవలెనని వాదించెను. 1987లో గోర్డన్ వాడెల్ అను స్కాట్లండు శస్త్రవైద్యుడు నడుమునొప్పికి ఆ దృష్టినే యన్వయించెను. ఎముకల శస్త్రవైద్యుడే ఇట్లు చెప్పుట గమనింపదగినది. 2000లో వ్లాయెన్, లింటన్ అనువారు భయము, పరిహరణము, బలక్షయము, మరల నొప్పి యను చక్రమును విశదీకరించిరి. తొమ్మిదిమాసములు మా యింట తిరిగిన చక్ర మదియే. నొప్పియనగా ఇంద్రియానుభవము మాత్రమే గాక భావానుభవముగూడ నని అంతర్జాతీయ నొప్పి పరిశోధనసంఘము 1979లో నిర్వచించి, 2020లో సవరించియు ఆ యంశమును నిలుపుకొన్నది.

మేము సంస్కృతము చదువుకొన్నవారము గనుక మన ప్రాచీనుల నడుగక యుండలేము. చరకసంహిత సూత్రస్థానమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఒక్కొక్కరికి నాలుగేసి గుణములు. రోగికి గావలసిన గుణములలో జ్ఞాపకశక్తి యొకటి. చెప్పినట్లు చేయుట యొకటి. తన బాధను తెలుపగలుగుట యొకటి. మిగిలినది అభీరుత్వము, అనగా భయములేమి. విద్యార్థిదశయందు ఈ పట్టికను వల్లించినపుడు, భయములేమి రోగి యింటినుండి తెచ్చుకోవలసిన సరకని తలచితిమి. లేనివాడు దౌర్భాగ్యుడు, అంతే. ఇప్పుడు మాకు తోచున దేమనగా, అభీరుత్వము రోగి తేవలసినదే కాదు, వైద్యము చేయువారు ఈయవలసినదికూడ. ఔషధమును దుకాణమునుండి తెచ్చుకొనునట్లు ధైర్యమును తెచ్చుకొనుటకు దుకాణము లేదు. అది మరియొక మనుష్యుని సమక్షమున, అడుగడుగున, అనుభవముచేతనే పుట్టవలెను. అదే సంహితయందు మనస్సును అహితవిషయములనుండి మరలించు సత్త్వావజయ మను చికిత్సాభేదముగూడ చెప్పబడినది. నేటి ఫిజియోథెరపిస్టుల పద్ధతియు నాటి సత్త్వావజయమును ఒక్కటియే యని మేము గొప్పలు చెప్పుకొనము. నాటివారు కొలిచి పరీక్షింపలేదు, నేటివారు కొలుచుచున్నారు. ప్రశ్న మాత్రము ప్రాచీనమే.

ఇక్కడ నొక అపార్థమును తొలగింపవలెను. మనస్సునకు చికిత్స యనగానే, ‘నొప్పి అంతయు నీ మనస్సులోనే యున్నది, నటించుచున్నావు’ అని రోగిని ఎత్తిపొడుచుట కాదు. చీకటిలో త్రాటిని జూచి పామనుకొన్నవానికి చెమట పట్టుట నిజము, గుండె కొట్టుకొనుట నిజము, పరుగెత్తి కాలు విరుగగొట్టుకొనుటయు నిజమే. వానిని అబద్ధీకు డనుట మూర్ఖత. దీపము దెచ్చి, చేయిపట్టుకొని, దగ్గరకు గొనిపోయి చూపుటయే వైద్యము. ‘అది పాము కాదు’ అని దూరమున నిలిచి అరచిన చాలదు. మా యమ్మాయి సుద్దముక్కతో చేసినది ఆ దీపపు పనియే.

మరియు నందరి పామును ఒక్కటి కాదు. మేము వెళ్లినచోటనే మన ఉప్పుమళ్లలో తట్టలు మోయు నొక స్త్రీ కూర్చుండియుండెను. విశ్రాంతి తీసికొనుమని యెవరో యామెకు చెప్పియుండిరట. మాతో నామె, ‘కూకుంటే కూడెవుడెడతాడు బాబూ?’ అన్నది. మాకు వంగుట భయము. ఆమెకు వంగకుండుట భయము. మాకు పింఛను కలదు; ఆమెకు నాటి కూలియే నాటి కూడు. ఆమెకు మా పాఠము చెప్పిన ప్రయోజనమేమి? ఫిజియోథెరపిస్టు ఆమెను ఎన్ని తట్టలు, ఎంత దూరము, తోడెవరని యడిగి, మొదటి పదునైదుదినములు సగము నింపిన తట్టలను మోయుటకును, నడుమనడుమ కూర్చుండుటకును మేస్త్రితో మాటలాడుకొమ్మని, ఏ మాటలు చెప్పవలెనో గూడ నేర్పినది. అదియు మనశ్చికిత్సలోని భాగమే. సంఘమునుండి విడదీసి మనస్సును చూచినవారికి సగమే కనబడును.

ఫలితములు కలవా యని లౌకికులు అడుగవచ్చును. ఇంగ్లండులో కీలు విశ్వవిద్యాలయమువారు 851 మంది నడుమునొప్పి రోగులతో జరిపిన పరీక్షను 2011లో ప్రకటించిరి. తొమ్మిది ప్రశ్నలతో రోగులను మూడు తరగతులుగ విభజించి, భయచింతలు హెచ్చుగానున్న తరగతికి మనస్సును గూర్చిన శిక్షణపొందిన ఫిజియోథెరపిస్టులచే వైద్యము చేయించిరి. సంవత్సరాంతమున ఆ పద్ధతి పొందినవారి యశక్తత, సాధారణపద్ధతి పొందినవారికంటె హెచ్చుగ తగ్గినది, వ్యయమును తగ్గినది. ఆస్ట్రేలియాలో చిరకాలపు నడుమునొప్పితో నడుగుపడనివారు 492 మందిపై జరిగిన పరీక్ష 2023లో వెలువడినది. ఏడుమారులకు మించని దర్శనములతో, చివర నొకమారు పునశ్చరణతో, సంవత్సరమువరకు నిలిచిన మేలు కనబడినది. సత్యము చెప్పవలెనన్న రెండవ పక్షమును చెప్పవలెను. 2021లో అమెరికాలో వెలువడిన పెద్ద పరీక్షయందు, అపాయముగల రోగులను అట్టి ఫిజియోథెరపిస్టులకు అప్పగించినను, నొప్పి దీర్ఘరోగమగుట తగ్గలేదు. శిక్షణ కొరవడినను, రోగులు క్రమముగ రాకున్నను ఏ వైద్యమును ఫలింపదు. కనుక ఇది మంత్రము కాదు. శ్రద్ధతో చేసిన పని.

హద్దులను గూడ చెప్పకున్న మేము ఉపాధ్యాయులము కాము. నడుమునొప్పితోపాటు మలమూత్రములపై అదుపు తప్పినను, తొడల నడుమ స్పర్శ పోయినను, కాళ్లు బలహీనమగుచున్నను, జ్వరము విడువకున్నను, కారణము లేక బరువు తగ్గుచున్నను, పెద్దగ పడి దెబ్బతగిలినను, అది భయము పని కాదు. తక్షణమే వైద్యుని జూడవలెను. అట్లే గాఢమైన విచారమును, ప్రాణత్యాగపు టాలోచనలును గలవారిని మనోవైద్యుని యొద్దకు పంపుట ఫిజియోథెరపిస్టు ధర్మము. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వమువారు ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 అను సంఖ్యకు ఉచితముగ లభించును. మా యమ్మాయికూడ మొదటిదినముననే ఈ ప్రశ్నలన్నిటిని అడిగి, అపాయము లేదని నిశ్చయించుకొన్న పిమ్మటనే సుద్దముక్క తీయించినది.

ఇప్పుడు మేము చెప్పుటకు సిగ్గుపడు మాట యొకటి కలదు. ఆరేండ్ల క్రిందట మా తమ్ముని మనుమరాలు ఈ విద్యనే చదువుదునని పట్టుపట్టినది. పెద్దదిక్కుగ మా సలహా యడిగిరి. ‘ఆడపిల్ల పరుల దేహములు పట్టుట కేటి చదువు? సంబంధములు రావు’ అని మేమే కాదంటిమి. ఆ పిల్ల మారుమాటాడక వేరొక చదువు చదివినది. ఇప్పుడు పట్టణమున నొక కార్యాలయములో లెక్కలు చూచుకొనుచున్నది. మమ్ము జూచిన నవ్వుమొగముతోనే పలుకరించును. మా నడుమును నిలబెట్టిన చేతులు పరులయింటి యాడపిల్లవి. అట్టి చేతులే మా యింట పుట్టగా వానిని మేము కట్టివేసితిమి. ఈ సభలో ఇట్టి సలహా చెప్పబోవు పెద్ద లెవరైన నున్నచో, మమ్ము జూచి యాగుదురుగాక.

ఇట్టి నింద క్రొత్తదియు గాదు. 1894లో లండనున మర్దనవిద్య నేర్చిన నలువురు నర్సులు, ఆ వృత్తికి తగిలిన యపవాదును పోగొట్టుటకై, పరీక్షలును నియమములును ఏర్పరచి యొక సంఘమును స్థాపించిరి. ఆ సంఘమే 1920లో రాజశాసనమును బడసి, 1944లో ఫిజియోథెరపీ సంఘముగ పేరు మార్చుకొన్నది. మన దేశమున ఈ వృత్తివారి సంఘము 1955లో వెలసినది. 2021లో పార్లమెంటు చేసిన చట్టము ఫిజియోథెరపీని ప్రత్యేకవృత్తిగ గుర్తించినది. నలువురు స్త్రీలు తమ గౌరవమును తామే నిలుపుకొనుటకు సంఘముగట్టిరి. వందలమందిమి సంఘముగట్టిన మనము మన బిడ్డల గౌరవమును నిలుపలేమా?

కావున సంఘపోషకులకు మూడు విన్నపములు. ఒకటి: ప్రతివత్సరమును మనము ఇచ్చు విద్యార్థివేతనములలో ఒకదానిని ఫిజియోథెరపీ చదువు పేదపిల్లకై కేటాయింపుడు. ఇంజనీరింగునకు నాలుగిచ్చుచున్నాము, దీనికొకటి యిచ్చిన లోటుండదు. రెండు: మన సంఘభవనమున తూర్పువైపు గది కుర్చీలు పేర్చుటకే యున్నది. దానిని ఖాళీచేసి, వారమున కొకదినము శిక్షితులైన ఫిజియోథెరపిస్టును తగిన ప్రతిఫలమిచ్చి రప్పింపుడు. ఆ గది మన కులమువారికే యని తలుపు మూయవలదు. ఉప్పుమళ్లలో పనిచేయు నెవరికైనను తెరువుడు. నొప్పికి కులము లేదు. మూడవది వ్యయములేనిది: ఇంటి పెద్దలను ప్రేమతో మంచమున కట్టివేయకుడు. ‘కదలకు’ అనుటకు బదులు, ‘మేమున్నాము, మెల్లగా లెమ్ము’ అనుడు. ఆ రెండుమాటలకు మధ్యగల భేదమే ఈ యుపన్యాసమంతయు.

ఈ ఉదయము ఇంటినుండి ఈ మంటపమువరకు నడచియే వచ్చితిమి. నొప్పి లేదా యందురేమో. కలదు. పదిలో మూడు. అది మావెంట వచ్చినది. మేము దానివెంట బోలేదు. విజయదశమినాడు మనుమనిని పళ్లెములోని బియ్యముముందు కూర్చుండబెట్టి, మేమును నేల గూర్చుండి, వాని వ్రేలు పట్టి ఓనమాలు దిద్దించితిమి. వాడు రెండక్షరములకే బియ్యము చిమ్మి లేచిపోయినాడు. గింజలన్నియు మేమే వంగి యేరితిమి. మా గృహిణి గడపయొద్ద నిలిచి చూచుచు, అలవాటుమాట నోటివరకు వచ్చినను, అనక యూరకుండినది.

 వచ్చు సంవత్సరము మరల కావ్యప్రసంగమే చేయుదుము. ఈ లోపల ఆ తూర్పుగది తలుపు తెరువబడుగాక. స్వస్తి.